ఇంటి వెలుపలి గోడకు ఏ పూత మేలు?



ఇల్లు కట్టేటప్పుడు వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలి, పూజగది ఏ మూల రావాలి అని మనల్ని అడుగుతారు. బయటి గోడల పూత మాట వచ్చేసరికి మాత్రం "అది మేస్త్రి చూసుకుంటాడులే" అనేస్తారు. కాని వానాకాలంలో గోడ చెమ్మెక్కి బీరువాలోని చీరలకు బూజు పడితే ఎండబెట్టుకునేది మనమే కదండీ! అందుకని ఈ సంగతి మనమూ కాస్త తెలుసుకుందాం.

వెలుపలి పూతలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది సున్నం పూత. మన తాతల నాటి మిద్దెలకు వేసింది ఇదే. హైదరాబాదులో 1591లో కట్టిన చార్మినార్ మీది నగిషీలు కూడా సున్నపు గచ్చు పనే. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది. గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. అయితే పనికి రోజులు పడతాయి, ఆ పని బాగా తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ.

రెండవది సిమెంటు పూత. ఈనాటి ఇటుక గోడలకు ఎక్కువగా వేసేది ఇదే. వెలుపలి గోడకు సాధారణంగా రెండు పొరలుగా, మొత్తం సుమారు 20 మిల్లీమీటర్ల మందాన వేస్తారు. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళు ఇసక కలపడం వాడుక. సిమెంటు ఎక్కువ పోయిస్తే ఇంకా గట్టిగా ఉంటుందనుకోకండి. అది ఆరేటప్పుడు కుంచించుకుని వెంట్రుకల్లాంటి పగుళ్ళిస్తుంది. సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసక ఆరు పాళ్ళు కలిపే పద్ధతి కూడా ఉంది. దానికి పగుళ్ళ బెడద తక్కువ.

మూడవది ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్న టెక్స్చర్ పూత. ఇది గోడకు కట్టిన పట్టుచీర వంటిది. కింద సిమెంటు పూత సరిగా లేకపోతే దీనివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా గరుకు గీతల్లో దుమ్ము చేరుతుంది. మీ ఇల్లు రోడ్డు పక్కనైతే ఆలోచించండి. ఇక జిప్సం పూత లోపలి గోడలకే. వానకు అది నిలవదు.

ఏది ఎంచుకున్నా ఒక్క సూత్రం మరచిపోవద్దు. పూత ఎప్పుడూ కింది గోడకంటే గట్టిగా ఉండకూడదు. ఊళ్ళో అత్తగారి పాత ఇల్లు సున్నంతోనో మట్టితోనో కట్టినదైతే, "కొత్తగా ఉంటుంది" అని దానికి సిమెంటు పూయించకండి. చెమ్మ బయటికి పోలేక లోపలే చిక్కుబడుతుంది, ఉప్పు పొంగుతుంది, కొన్నాళ్ళకు పూత పెచ్చులుగా ఊడుతుంది. మేస్త్రి ఎంత పనిమంతుడైనా ఆ జత కుదరదు. పాత సున్నపు గోడకు సున్నమే వేయించండి.

ఇక పని జరిగేటప్పుడు మనం చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. గాజు గ్లాసులో సగం దాకా ఇసక పోసి, ఉప్పునీళ్ళు నింపి, బాగా కలిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. పైన పేరుకున్న మట్టి, ఇసక ఎత్తులో పన్నెండో వంతుకు మించితే ఆ ఇసక వద్దనండి. సముద్రపు ఇసకను అసలు రానివ్వకండి. సిమెంటు మాలులో నీళ్ళు కలిపాక అరగంటలో వాడెయ్యాలి. బిగుసుకున్న మాలులో మళ్ళీ నీళ్ళు పోస్తుంటే మొహమాటపడకుండా ఆపండి. పిల్లరూ ఇటుకా కలిసేచోట జాలీ కొట్టించి పూత వేయించండి. సన్‌షేడు అడుగున, అంచుకు దగ్గరగా చిన్న గాడి తీయిస్తే వాననీరు గోడమీదికి పాకదు.

చివరిగా తడపడం. సిమెంటు పూత వేసిన మర్నాటినుంచి కనీసం ఏడు రోజులు గోడ ఆరకుండా చూడాలి. ఎండాకాలంలో రోజుకు మూడు నాలుగుసార్లయినా నీళ్ళు కొట్టాలి. వేల రూపాయల సిమెంటుకు బలం వచ్చేది ఈ నీళ్ళతోనే. ఆ వారం రోజులూ ఎవరు తడపాలో ముందే మాట్లాడుకోండి. మొక్కలకు నీళ్ళు పోయడం మరవని మనకు ఇదొక లెక్కా?

సెలవు.