బరువు తగ్గే ఆపరేషన్: మా ఇంట్లో చూసింది

మేము షోలాపూర్ నుంచి వచ్చినాం. నూలు లెక్క, కూలి లెక్క చెప్పమంటే గంటసేపు చెప్తాం గాని, ఈ సంగతి మాట్లాడమని కార్యవర్గం వారు అడిగినప్పుడు వెనకాడినాం. ఎనిమిదో తరగతి చదివినవాళ్ళం, డాక్టర్లం కాము. అయితే మా అక్క కొడుక్కి ఆ ఆపరేషన్ అయింది. దానికి సంఘం నుంచి అప్పు ఇప్పించిన సంతకం మాదే. అందుకని తెలిసినంత చెప్తాం.

మన నాయనలు గుంట మగ్గం మీద కూర్చుని, జొన్న రొట్టె, పల్లీల చట్నీ తిని బతికినోళ్ళు. ఇప్పుడు మోటారు మగ్గం వచ్చింది. ఆడవాళ్ళు పొద్దంతా కదలకుండా బీడీలు చుడుతున్నారు. చాయ్‌లో చక్కెర పెరిగింది, రొట్టె పోయి రెండు పూటలా అన్నమైంది. ఒళ్ళు రాక ఏమైతది?

మా మేనల్లుడు 124 కిలోలు. బరువును, మీటర్లలో ఎత్తును రెండుసార్లు పెట్టి భాగిస్తే వచ్చేదాన్ని బి.ఎం.ఐ. అంటారు. వానికి 44 వచ్చింది. షుగరు ఉంది, రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాడు. అటువంటివానికి ఆపరేషన్ మంచిదే అన్నారు. పది కిలోలు పెరిగినవాళ్ళకు కాదు ఇది. పైపు పెట్టి కొవ్వు లాగేది వేరే, అది అందానికే, దానితో షుగరు తగ్గదు. మనవాళ్ళు రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు.

ఇందులో రకాలున్నాయి. స్లీవ్ అంటే కడుపు సంచిలో ముప్పావు భాగం పైగా కోసి తీసేసి, అరటిపండు లాగ సన్నగా మిగులుస్తారు. తీసింది మళ్ళీ పెట్టరు. కొందరికి తర్వాత ఛాతీలో మంట పట్టుకుంటది. బైపాస్ అంటే పైన కోడిగుడ్డంత సంచి మిగిల్చి, పేగును తెచ్చి దానికి కలుపుతారు. షుగరుకు ఇది ఎక్కువ పని చేస్తదంటారు, కాని తిన్నదాంట్లో సత్తువ ఒంటికి తక్కువ పడతది. తీపి ఎక్కువ తింటే చెమటలు, గుండెదడ, విరేచనాలు. కడుపుకు పట్టీ వేసేది పాత పద్ధతి, ఇప్పుడు చాలా తక్కువ. నోట్లోంచి బుడగ దించేది కొన్ని నెలలకు తీసేస్తారు, చాలామందికి బరువు తిరిగొస్తది.

ప్రాణభయం తక్కువే, కాని లేదని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. కుట్టు దగ్గర కారొచ్చు, రక్తం పోవచ్చు, కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పోవచ్చు. జ్వరం, ఎడతెగని కడుపునొప్పి, ఆయాసం, గుండెదడ వస్తే పొద్దునదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన చోటికే పోవాలె. బరువు గబగబా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి. పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలు ఏడాది, ఏడాదిన్నర ఆగమంటారు. ఇంకొక్కటి మనకోసమే చెప్తున్నాం. నడుంనొప్పికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు బైపాస్ అయినోళ్ళకు కడుపులో పుండు చేస్తాయి. బీడీ, పొగాకు కూడా అంతే.

మావాడికి స్లీవ్ చేసినారు. నాలుగో రోజు ఇంటికొచ్చినాడు. ఏడాదిలో 38 కిలోలు తగ్గినాడు. షుగరు మాత్రలు సగమైనాయి, రాత్రి నిద్ర పట్టింది. ఇంట్లో అందరం పొంగిపోయినాం. రెండో ఏడు అరికాళ్ళు తిమ్మిరి అన్నాడు. వాడు నేసేది గుంట మగ్గమే. కాళ్ళ కింది చెక్క తొక్కితే, తొక్కినట్టు తెలుస్తలేదు మామా అన్నాడు. మేము షుగరు వల్లనే అనుకున్నాం. రక్తం పరీక్ష చేస్తే బి12 అడుగంటింది. ఏడాది నుంచి మాత్రలు మానేసినాడట. ఎందుకురా అంటే, అప్పు కిస్తీ కడుతున్నా కదా, బాగానే ఉన్న కదా అన్నాడు.

తప్పు వానిది ఒక్కనిదే కాదు. అప్పు కాగితంలో ఆపరేషన్ ఖర్చు రాసినాం, బస్సు ఖర్చు రాసినాం, బతికినంతకాలం వేసుకునే బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ మాత్రల ఖర్చు రాయలేదు. ఏడాదికోసారి చేయించే రక్త పరీక్ష రాయలేదు. ఆస్పత్రి కాగితంలో అడుగున ఇంగ్లీషులో ఉన్నదట, మేము చదివించుకోలేదు. ఇప్పుడు మా సంఘంలో అటువంటి అప్పు అడిగితే మందుల లెక్క కూడా వేసి, ఇంటావిడను కూర్చోబెట్టి చెప్పినాకనే సంతకం పెడుతున్నాం.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు ముందు పాలసీ చదివించుకోండి. సాధారణంగా బి.ఎం.ఐ. 40, లేదా షుగరు అదుపులో లేకపోవడం, గుండె జబ్బు వంటివి ఉంటే 35 ఉండాలని షరతు. తిండి, నడక, మందులతో చూసినా తగ్గలేదని కాగితం కూడా అడుగుతారు.

మావాడు బి12 ఇంజక్షన్లు వేయించుకున్నాడు. తిమ్మిరి చాలావరకు పోయింది, కాలివేళ్ళ కొసలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. మళ్ళీ మగ్గం దిగినాడు. మాత్రల డబ్బా కండెల బుట్టలోనే పెట్టుకుంటాడు, వాడు మరిచిపోతే మా అక్క గుర్తు చేస్తది.