ఒకరి మాటను మరియొకరు చెప్పుట



ఒకరు పలికిన మాటను మరియొకరికి చేరవేయుట మనమందరమును దినమునకు పదిమార్లు చేయు పని. పెండ్లి సంబంధములు, గట్టు తగవులు, అప్పుల పూచీలు, అన్నియు దీనిమీదనే నడచుచున్నవి. ఇంగ్లీషు వ్యాకరణమున దీనికొక ప్రకరణమే కలదు. పలికినవాని మాటను ఉన్నదున్నట్లు చెప్పినచో డైరెక్టు స్పీచి. చెప్పువాడు తన మాటగా మార్చి చెప్పినచో ఇన్‌డైరెక్టు లేక రిపోర్టెడు స్పీచి. మన పాఠశాలలలో వీనిని ప్రత్యక్ష కథనము, పరోక్ష కథనము అందుము. రెన్, మార్టిన్ అను ఇరువురు దొరల వ్యాకరణము చేతబట్టి నేనీ ప్రకరణమును ముప్పదియేండ్లకు పైగా బోధించితిని. అయినను, దీనివలన నేను చేసిన తప్పొకటి కలదు. దానిని ముందుగా విన్నవించుకొందును.

1984వ సంవత్సరము. నేను ఉద్యోగమున చేరిన తొలి యేడు. ఒక వృద్ధ రైతు తన తమ్మునితో వచ్చిన పొలము తగవును గూర్చి ఇంగ్లీషున అర్జీ వ్రాయించుకొనుటకు నా యొద్దకు వచ్చెను. "అయ్యవారూ, నేను చెరువు కింద మడి వదిలిపెడతానని మా తమ్ముడు పెద్దల ముందర అన్నాడండీ. ఆ మాట తప్పకుండా రాయండి" అనెను. రైతు "నేను" అనెను గదా యని నేనును "ఐ" అని పెట్టి, "మై బ్రదర్ సెడ్ దట్ ఐ వుడ్ గివ్ అప్ ది ఫీల్డ్" అని దర్జాగా వ్రాసితిని. అంతటితో అర్థము తలక్రిందులైనది. మడి విడుచువాడు తమ్ముడు కాక, అర్జీదారుడే యైనాడు! కచ్చేరిలో చదివిన యధికారి, "మడి నీవే విడిచెదవని వ్రాసియుండగా ఇంక తగవెక్కడిది?" అని కాగితము త్రిప్పి పంపెను. మరల వ్రాసి, మరల పంపి, మాట నిలుపునప్పటికి నాట్ల అదను దాటిపోయినది. ఆ యేడు మడి బీడు పడినది. ఆ వృద్ధుడు నన్నొక్క మాటయు అనలేదు. అని యుండిన నాకు కొంత తేలికగా నుండెడిది.

తప్పెచ్చటనో చూడుడు. ఇంగ్లీషున "దట్" అని కలిపి చెప్పునప్పుడు, ఆ వాక్యములోని "ఐ" చెప్పుచున్నవానికే చెందును, పలికినవానికి చెందదు. కావున తమ్ముని "ఐ"ని "హి"గా మార్చితీరవలెను. మన తెలుగున నట్లు కాదు. "అను" ధాతువునుండి పుట్టిన "అని" యను పదము, సంస్కృతములోని "ఇతి" వలెనే, పలికిన మాటను మూటగట్టి యథాతథముగా తెచ్చును. లోపలి "నేను" చెక్కుచెదరదు. అది యెవరి "నేనో" వినువాడు సందర్భమునుబట్టి యూహించుకొనవలెను.

దీనికి మన భాషలో మందు లేకపోలేదు. "మా తమ్ముడు తాను మడి విడిచిపెట్టెదనని చెప్పెను" అన్నచో సందేహము లేదు. ఇందొక చమత్కారము. "తాను" ప్రథమ పురుషము గదా, "తాను వచ్చెను" అందుము. ఇచ్చట మాత్రము క్రియ "విడిచిపెట్టెదను" అని ఉత్తమ పురుషముననే నిలిచినది. కర్త మారినను, క్రియలో తమ్ముని నోటి మాట నిలిచియే యున్నది! ఇంగ్లీషున నిట్టి సదుపాయము లేదు. "రామన్న టోల్డ్ సోమన్న దట్ హి వుడ్ పే" అన్నచో, అప్పు తీర్చవలసినది రామన్నయో, సోమన్నయో, మూడవవాడో ఆ వాక్యము చెప్పజాలదు. అందుచేత ఇంగ్లీషే నిక్కమైన భాషయని భ్రమపడువారితో నేనేకీభవింపను.

అయితే కాలము విషయమున ఇంగ్లీషువారి జాగ్రత్త మెచ్చదగినది. "సెడ్" అని భూతకాలమున మొదలిడినచో లోపలి "యామ్" "వాజ్" అగును, "విల్" "వుడ్" అగును. "టుమారో" "ది నెక్స్ట్ డే" అగును. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదనునట్టి నిత్యసత్యములను మాత్రము మార్చనక్కరలేదు. గురువారమునాడు వరునివారు "రేపు వచ్చెదము" అన్నమాటను మధ్యవర్తి శుక్రవారమునాడు వచ్చి "రేపు వస్తామన్నారు" అని చెప్పినచో ఏమగును? కన్యవారు శనివారమునకు వంట సన్నాహము చేయుచుండగా, శుక్రవారము సాయంకాలమే చుట్టములు గుమ్మములో దిగుదురు. ఆ "రేపు" ఎవరి రేపు? వారము పేరు చెప్పినచో నీ చిక్కుండదు.

ప్రశ్నలకు "ఆస్క్డ్" అనియు, ఆజ్ఞలకు "టోల్డ్" అనియు వాడుదురు. ఇందులో పిల్లలకు కష్టమైనది ఆజ్ఞయే. మనకు "రమ్మనెను" అను ఒక్క మాటలో బ్రతిమాలుటయు, గద్దించుటయు ఇమిడిపోవును. ఇంగ్లీషు వ్రాయువాడు "బెగ్డ్" అనవలెనో, "రిక్వెస్టెడ్" అనవలెనో, "ఆర్డర్డ్" అనవలెనో ఎన్నుకొనవలెను. ఎన్నుకొనిన క్షణముననే తీర్పు చెప్పినవాడగును. పంచాయతీలో "రమ్మన్నాడు" అని సాక్ష్యము చెప్పువాడు ఆ స్వరమును గూడ చెప్పినచో మేలు.

న్యాయస్థానములకు దీని బరువు తెలియును. 1872 నాటి సాక్ష్యచట్టమునకు బదులుగా 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును పాత నియమము నిలిచియున్నది: వినదగిన సంగతిని గూర్చిన నోటిసాక్ష్యమును, తాను వింటినని చెప్పువాడే ఈయవలెను. మినహాయింపులు కొన్ని కలవు. "ఫలానావాడు విన్నాడట" అనునది సాధారణముగా చెల్లదు.

ఉద్యోగవిరమణానంతరమును ఇరుగుపొరుగువారు కాగితములు వ్రాయించుకొనుటకు వచ్చుచునేయున్నారు. పలికినవాని మాటను ముందుగా తెలుగున వ్రాసి, చదివి వినిపించి, "ఈ నేను ఎవరు?" అని యడిగిన పిమ్మటనే కలము సాగింతును. మొన్న ఒక పెద్దమ్మ వచ్చి, "నేను పట్నానికి వస్తానని మా అల్లుడు అన్నాడు నాయనా, రాయి" అన్నది. "పట్టణమునకు పోవునది నీవా, అల్లుడా?" అని యడిగితిని. ఆమె నవ్వి, "ఈ మోకాళ్లతో నేనెక్కడికి పోతాను నాయనా, అల్లుడే" అన్నది. అట్లే వ్రాసితిని.