మనోవర్తి యుత్తరువులను మార్పించుకొనుట
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



వివాహమును గూర్చి మాటలాడుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఆ విషయమున మాకంటె నెక్కువ తెలిసిన పెద్దలు ఇచ్చట పెక్కురు గలరు. కాపురము చెడిన పిమ్మట కోర్టువారిచ్చు నుత్తరువులను గూర్చి చెప్పువారు మాత్రము అరుదు. కావున మేము దానినే గైకొంటిమి.

మొదట మా తప్పొకటి యొప్పుకొనవలయును. కొన్నియేండ్ల క్రిందట మనవారిలో నొక జంట వేరుపడగా, భార్యకును కుమార్తెకును నెలకు 8,000 రూపాయలు మనోవర్తి యీయవలెనని కోర్టువారు ఉత్తరువు చేసిరి. రెండేండ్లకు అతడు పనిచేయుచున్న మిల్లు మూతపడెను. మేము నలుగురము కూర్చుండి, ఆమె తండ్రిని పిలిపించి, పని దొరకువరకు సగమిచ్చిన చాలునని చెప్పితిమి. ఆమెను పిలువలేదు, కాగితము వ్రాయలేదు. తొమ్మిది నెలల తరువాత, బిడ్డను బడిలో వేయుటకు డబ్బులేక ఆమె బాకీకై అర్జీ పెట్టుకొనెను. 36,000 రూపాయలకు వారంటు వచ్చెను. అతడు మా మాట చెప్పుకొనెను. న్యాయాధిపతి తన యుత్తరువును చూపెను. ఆమెయందు దోషము లేదు. అతనియందు కొంత, మాయందు హెచ్చు.

ఉత్తరువు శిలాశాసనము కాదు. కాని దానిని మార్చు నధికారము కోర్టుదే. పుచ్చుకొనువారి స్థితిగాని, ఇచ్చువారి స్థితిగాని మారినట్లు ఋజువైనయెడల మొత్తమును హెచ్చింపను తగ్గింపను 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 127వ సెక్షను వీలు కల్పించెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదియే 146వ సెక్షను. విడాకుల డిక్రీలోని శాశ్వత మనోవర్తికి 1955 నాటి హిందూ వివాహ చట్టము 25వ సెక్షను, బిడ్డల సంరక్షణకు 26వ సెక్షను కలవు. బిడ్డ పెరుగుచుండగా అక్కరలు మారును గనుక సంరక్షణపు టుత్తరువులు కదలని కట్టడులు కారాదని సుప్రీముకోర్టువారు 1973లోనే చెప్పిరి.

మార్పు కోరువారు తొలుత నుత్తరువిచ్చిన కోర్టునకే పోవలయును. ఇరువురును రాబడి, ఆస్తి, అప్పులు తెలుపు అఫిడవిట్లు దాఖలు చేయవలెనని 2020 నవంబరులో సుప్రీముకోర్టువారు నిర్ణయించిరి. పని పోయిన కాగితము, వైద్యుని చీటీలు, బడి రసీదులు భద్రపరచుకొనుడు. ఒడలు బాగున్నవాడు కావలెనని పనిమానుకొని వచ్చినచో కోర్టువారు సులభముగా నమ్మరు.

మగవాడు తగ్గింపు కోరిన "పాప"మందుము. ఆడుది హెచ్చింపు కోరిన "గయ్యాళి" యందుము. 2001 వరకు క్రిమినలు కోడు క్రింద నెలకు 500 రూపాయలకు మించి యిచ్చుటకే వీలులేకుండెను. ఆ హద్దు తొలగినది. ధరలు పెరిగి, బిడ్డ చదువు పెరిగి, భర్త జీతము పెరిగినప్పుడు ఆమె యడుగుట న్యాయమే. మరియొకటి: పై సంహితక్రింద బాకీ రాబట్టుకొను అర్జీని, బాకీపడిన తేదీనుండి ఒక్క యేడాదిలోపల పెట్టవలయును. మొగమాటమున నూరకున్న ఆడుపడుచులకు ఈ మాట చేర్పుడు.

పెద్దల రాజీ కూడదని మా భావము కాదు. రాజీకై ప్రయత్నింపవలెనని 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టమే కోర్టులకు విధించినది. అయితే రాజీ కుదిరినచో వ్రాసి, ఇరువురిచే సంతకము చేయించి, ఆ నెలలోనే కోర్టులో దాఖలు చేసి ఉత్తరువును మార్పింపవలయును.

అతడు పిమ్మట అట్లే అర్జీ పెట్టుకొనెను. అప్పటికి వేరొకచోట తక్కువ జీతమునకు కుదిరియుండెను. ఇరువురి లెక్కలు చూచి కోర్టువారు నెలకు 6,000 రూపాయలును, బడిజీతము వేరుగాను నిర్ణయించిరి. పాత బాకీలో మాత్రము ఒక్క రూపాయియు తగ్గలేదు. అందు సగము మేము నలుగురము పంచుకొని చెల్లించితిమి.