ఎండన పడి ఇంటికొచ్చాక

(కృష్ణపట్నంలో రైతులతో, కూలీలతో మాట్లాడిన మాటల పాఠం)



చర్మం గురించి మాట్లాడతామనగానే వెనక వరసలో కొందరు నవ్వారు. అదంతా టీవీలో సబ్బులమ్మేవాళ్ల సంగతని వాళ్ల ఉద్దేశం. ఉప్పు కొటార్లలో ఉప్పు లాగేవాళ్లకు, రొయ్యల గుంటల కట్టల మీద మేత చల్లేవాళ్లకు, ఎడగారు కయ్యల్లో కలుపు తీసే ఆడవాళ్లకు ఇది అందం సంగతి కాదు. ఒళ్లు మండితే రాత్రి నిద్రుండదు, తెల్లారి కూలి పోతుంది.

మన దగ్గర ఎండ పైనుంచే రాదు. గుంట నీళ్ల మీద, తెల్లటి ఉప్పు మీద పడి తిరిగి మొహానికి కొడుతుంది. తలగుడ్డ చుట్టుకున్నా గడ్డం కింద కాలేది అందుకే. సముద్రపు గాలి చల్లగా తగులుతుంటే కాలుతున్న సంగతే తెలియదు. మంట సాయంత్రానికి గానీ బయటపడదు. నల్లటి ఒంటికి ఏమీ కాదనే మాట నమ్మకండి. నలుపు కొంత కాపాడుతుంది, అంతే. మన ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని కయ్యలోకి దిగుతారు, మగవాళ్లు బనీనుతో దిగుతారు. ఇందులో తెలివి ఎవరిదో చెప్పక్కర్లేదు.

2021 మేలో మందు కోసం ఎక్కడెక్కడి జనమో ఈ ఊరికి వచ్చారు. ఇవాళ మేం చెప్పేదాంట్లో మందు తక్కువ, నీళ్లెక్కువ. ఇంటికి రాగానే చల్లటి నీళ్లు పోసుకోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివరి రెండు చెంబులైనా మంచినీళ్లు పోసుకోవాలి. ఒంటి మీద ఉప్పు ఆరితే చర్మం ఇంకా పగులుతుంది. పీచుతో రుద్దొద్దు, ఐసుగడ్డ నేరుగా పెట్టొద్దు. తువ్వాలుతో అద్దుకుని, మంట తగ్గాక కొబ్బరినూనె పలచగా రాయండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి. బొబ్బలు చిదపకండి. ఆ రాత్రి నీళ్లు, మజ్జిగ ఎక్కువ తాగండి.

పురుగుమందు కొట్టిన రోజు సంగతి వేరు. వేడెక్కి చెమట పట్టిన చర్మంలోకి మందు త్వరగా దిగుతుంది. ఇంటికొచ్చాక టీ కాదు, ముందు సబ్బుతో స్నానం. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

మొహం, మెడ, మోచేతులు నెలల తరబడి దురదపెట్టి దళసరెక్కుతుంటే ఎండనొక్కదాన్నే తిట్టకండి. గట్ల మీది వయ్యారిభామ కూడా ఆ పని చేస్తుంది. డాక్సీసైక్లిన్ బిళ్లలు వాడేవాళ్లను ఎండ త్వరగా కాలుస్తుంది, డాక్టరుకు మీ పనేమిటో చెప్పండి. ఎండన పడ్డ మనిషికి వాంతులై, జ్వరమొచ్చి, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయాలి.

ఇక అసలు సంగతి. పనిచోట తాగునీరు, పిల్లలకు నీడ, విశ్రాంతి వేళ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. చెరువు పూడిక పనుల దగ్గర అవి లేవని మనం గట్టిగానే అడిగాం. మరి మన గుంటల దగ్గర? మన కొటార్ల దగ్గర? కూలీలను పెట్టుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపి, ఆ గంటలు తెల్లవారుజామున కలుపుకుంటే కూలి తగ్గించక్కర్లేదు, పనీ ఆగదు. పందిరికి నాలుగు సరుగుడు గుంజలు, తాటాకు చాలు.

వచ్చే నెల సమావేశంలో ఎవరెవరి కట్ట మీద పందిరి లేచిందో చేతులెత్తమని అడుగుతాం.