ఏ స్కానింగు దేనికి? అడిగి తెలుసుకుందాం
(మనుబోలు దళితవాడలో మేము చేసిన ప్రసంగం)



పోయినసారి ఈ వేపచెట్టు కిందే ఒకక్క పెద్ద కవరు మా చేతిలో పెట్టి "ఇందులో ఏముందో చెప్పండయ్యా" అన్నది. ఇంటాయన నడుంనొప్పికి తీయించిన ఎమ్మారై. పాడిబర్రెని అమ్మి కట్టిన డబ్బు. తీసినోళ్లున్నారు గానీ, ఏం తేలిందో ఆమెకి చెప్పినోడు లేడు. అందుకే ఈరోజు ఈ సంగతి మాట్లాడతా ఉండాం.

ఖరీదైన స్కానింగే గొప్పదని మనలో ఒక భ్రమ ఉంది. అది తప్పు. కోతకి కొడవలి, కట్టకి పార. దేని పని దానిదే.

ఎక్స్‌రేని 1895లో జర్మనీలో రాంట్‌జెన్ కనిపెట్టాడు. ఎముక తెల్లగా, గాలి నల్లగా పడతాయి. విరిగిన ఎముకకీ, ఊపిరితిత్తులకీ ముందు ఇదే. ఖర్చు తక్కువ.

మనం ఉత్త 'స్కానింగు' అనేది అల్ట్రాసౌండ్. ఇందులో కిరణాలు లేవు. చెవికి వినపడని శబ్దం లోపలికి పోయి, తిరిగొచ్చి బొమ్మవుతుంది. కడుపులో బిడ్డనీ, కిడ్నీలో రాళ్లనీ చూపుతుంది. ఆడబిడ్డా మగబిడ్డా అని చెప్పడం, చెప్పించుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం.

సీటీ అంటే ఎక్స్‌రేనే ఒంటి చుట్టూ తిప్పి, కంప్యూటరుతో పొరలు పొరలుగా చూపేది. 1971లో ఇంగ్లండులో మొదటిసారి ఒక రోగి తలని ఇట్లా తీశారు. తలకి గట్టి దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా, లోపల నెత్తురు కారిందో లేదో నిమిషాల్లో తేలుస్తుంది. అప్పుడు నాటుమందని ఆగొద్దు, ఆసుపత్రికి పరుగెత్తాల. కానీ రేడియేషన్ మామూలు ఛాతీ ఎక్స్‌రే కంటే పదుల రెట్లు ఎక్కువ. ఊరికే తీయించుకునేది కాదు. గర్భిణి అయితే ముందే చెప్పాల.

ఎమ్మారై పెద్ద అయస్కాంతం. రేడియేషన్ లేదు. మెదడునీ, వెన్నులో నరాలనీ బాగా చూపుతుంది. అరగంట, ముప్పావుగంట కదలకుండా పడుకోవాల. మోత ఎక్కువ. మెట్టెలు, గొలుసులు, తాయెత్తులు తీసేయాల. గుండెకి పేస్‌మేకరున్నా, ఒంట్లో ఇనపముక్క ఉన్నా ముందే చెప్పాల. నడుంనొప్పితోపాటు కాళ్లు చచ్చుపడినా, మూత్రం ఆగినా, జ్వరమున్నా ఆలస్యం చేయొద్దు. అవేమీ లేకపోతే మొదటి వారాల్లో చాలామందికి ఎమ్మారై అక్కర్లేదు.

ఇక మన ప్రాంతం సంగతి. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల్లో మనవాళ్లు తరాలుగా దుమ్ము మింగారు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో మచ్చలై సిలికోసిస్ అవుతుంది. ఎక్స్‌రేలో అది టీబీలా కనపడొచ్చు. రెండూ కలిసి కూడా రావచ్చు. కాబట్టి టీబీ మందులు మానొద్దు, కళ్లె పరీక్ష చేయించాల. "ఏం పని చేశావు?" అని డాక్టరు అడక్కపోతే, గనిలో ఎన్నేళ్లు చేశామో మనమే చెప్పాల, రాయించాల. సిలికోసిస్ పనివల్ల వచ్చే జబ్బని చట్టం ఒప్పుకుంది. నష్టపరిహారం అడిగేనాడు ఆ ఎక్స్‌రే మన సాక్ష్యం. పొలానికి పాసుబుక్కు ఎట్లాగో, ఒంటికి ఆ ఫిలిం అట్లాగ. చూరులో దోపొద్దు, పెట్టెలో దాచండి.

స్కానింగు రాసినప్పుడు మూడు మాటలు అడుగుదాం. ఏ జబ్బని అనుమానం? తక్కువ ఖర్చు పరీక్షతో తేలదా? ఇది తీస్తే వైద్యం మారుతుందా? తీసినాక ఫిలిం, రిపోర్టు రెండూ తీసుకుందాం. తెలుగులో చెప్పమందాం. ముందు సర్కారు ఆసుపత్రిలో అడుగుదాం. అక్కడ లేకపోతే ఎందుకు లేదని అందరం కలిసి అడుగుదాం.

ఒళ్లు మనది. అందులో ఏముందో తెలుసుకునే హక్కూ మనదే. చేతులు కట్టుకొని కాదు, ఎదురుగా కూర్చొని అడుగుదాం. జైభీమ్!