నెమో ముంచిన ఓడ

కథానాయకుడు ప్రాణం తీసినప్పుడు పాఠకుడు సాధారణంగా కారణం అడుగడు. దుష్టుడు చచ్చినాడు, కథ సుఖాంతమైనదని పుస్తకం మూసివేస్తాడు. వైజ్ఞానిక కల్పనా కథలలో ఈ అలవాటు మరీ ఎక్కువ. అక్కడ చచ్చేవారు తరచు అన్యగ్రహవాసులో, వింతజంతువులో కావటంవల్ల మన మనస్సాక్షికి పని తగలదు. కాని ఈ సాహిత్యానికి ఆద్యులలో ఒకడైన ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ తన నాయకునిచేత మనుష్యులనే చంపించినాడు. పైగా ఆ నాయకుడు భారతీయుడు. కనుక ఆ హత్య న్యాయమా, కాదా అన్న విచారణ మనకు మరింత దగ్గరిది.

'సముద్రగర్భంలో ఇరవైవేల లీగులు' అనే నవల 1869, 1870 సంవత్సరాలలో వెలువడినది. నాటిలస్ అనే జలాంతర్గామికి అధిపతి కెప్టెన్ నెమో. లాటిను భాషలో నెమో అనగా 'ఎవడూ కాడు' అని అర్థం. విద్యుచ్ఛక్తితో నడిచే ఆ ఓడలో బందీయైన ప్రొఫెసర్ అరొనాక్స్ ఈ కథ చెప్తాడు. నవల ముగియవచ్చిన తరుణంలో అట్లాంటిక్ మహాసముద్రంలో ఒక యుద్ధనౌక ఎదురవుతుంది. దాని జాతీయపతాకం కనబడదు గనుక అది ఏ దేశానిదో అరొనాక్సుకు తెలియదు. ముందుగా ఫిరంగులు పేల్చినది ఆ నౌకయే. ఇంతవరకు వ్యాజ్యం నెమో పక్షమే.

తరువాత జరిగినది చూడండి. నాటిలస్ కోరినప్పుడు నీట మునగగలదు. వేగంలో ఆ నౌక దానికి సాటి రాదు. అయినా నెమో తప్పుకొనలేదు. రాత్రి అంతా నెమ్మదిగా నడిపి, శత్రువు తన వెంటనే వచ్చేటట్లు చేసినాడు. తెల్లవారిన పిదప నీట దిగి, ఉక్కుకవచం లేని అడుగుభాగాన్ని తన ఓడ ముక్కుతో చీల్చుకొని పోయినాడు. గుడ్డలోనుంచి సూది పోయినట్లు పోయినదట. కొయ్యస్తంభాల తాళ్ళు పట్టుకొని ఎగబ్రాకే నావికులను, వారిని తరుముకొని వచ్చే నీటిని అరొనాక్స్ గాజుపలకలోనుంచి చూస్తాడు. నెమో కూడా చూస్తాడు. అంతా అయిన తరువాత తన గదిలోనికి పోయి, ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు ఉన్న చిత్రపటం ముందు మోకరించి ఏడుస్తాడు.

మీదికి వచ్చే ఆతతాయిని చంపవచ్చునని మన ధర్మశాస్త్రాలూ చెప్పినవి. కాని తప్పుకొనే దారి ఉండి, శత్రువును రాత్రి అంతా వెంట తిప్పుకొని, ఉదయం చంపటం ఆత్మరక్షణ అనిపించుకోదు. అది పగ. నెమోకు కలిగిన అన్యాయం అబద్ధమని నేననటం లేదు. అశ్వత్థామకు జరిగిన అన్యాయమూ అబద్ధం కాదు. ఆయుధం విడిచిన తండ్రిని చంపినారు. అంతమాత్రాన నిద్రించే ఉపపాండవులను సంహరించటం ధర్మమని ఎవరూ అనలేదు. ఆ యుద్ధనౌకలో బొగ్గు ఎగద్రోసేవాడు, వంటవాడు నెమో కుటుంబాన్ని చంపినవారు కారు గదా!

వెర్న్‌కు కూడా ఈ విషయం మనసులో ముల్లువలె ఉండిపోయినదనుకుంటాను. మొదట ఆయన నెమోను పోలండు దేశీయునిగా, 1863 నాటి తిరుగుబాటును అణచిన రష్యాపై పగబట్టినవానిగా ఊహించినాడు. ప్రచురణకర్త హెట్జెల్ అందుకు ఒప్పుకొనలేదు. ఆ విధంగా నెమోకు మొదటి నవలలో దేశమే లేకపోయినది. 1875లో పూర్తియైన 'రహస్య ద్వీపం' అనే నవలలో దేశం దొరికినది. ఆయన బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్ అట, టిప్పు సుల్తానుకు బంధువు కూడానట. ఆ బంధుత్వం ఎట్లు కుదిరినదో వెర్న్‌నే అడుగవలెను. 1857 తిరుగుబాటులో పోరాడి, సర్వం కోల్పోయి, సముద్రాన్ని ఆశ్రయించినాడు.

మరణశయ్యపై ఉన్న ఈ వృద్ధుడు ఓడ సంగతి చెప్పుకొనే తీరు వేరు. తానొక ఇరుకైన, లోతులేని అఖాతంలో ఉన్నాననీ, ఆ నౌక దారి అడ్డగించినదనీ, అందుచేత ముంచినాననీ అంటాడు. మొదటి నవలలో అరొనాక్స్ చూచినదేమో విశాల సముద్రం! రెండు నవలల తేదీలు సైతం పరస్పరం పొసగవు గనుక ఇది కూడా వెర్న్ మరపేనని కొందరనవచ్చు. నాకట్లు తోచదు. తేదీ తప్పితే ఎవరికీ లాభం లేదు. సముద్రం అఖాతమైతే ముద్దాయికి లాభమున్నది. దారి లేనివాడు చంపినాడంటే ఆత్మరక్షణ అవుతుంది. తన నాయకుని విడిపించటానికి రచయిత సాక్ష్యం దిద్దినాడు. దిద్దవలసి వచ్చిందంటే మొదటి సాక్ష్యంతో గెలువలేననే గదా!

తనను గూర్చి ఏమనుకుంటున్నారని నెమో అక్కడివారిని అడుగుతాడు. అమెరికన్ ఇంజనీరు సైరస్ స్మిత్ గౌరవంగానే జవాబు చెప్తాడు. గతించినదానిని మరల బ్రతికించగలననుకొని, అనివార్యమైన అభ్యుదయాన్ని ఎదిరించటమే నెమో చేసిన పొరపాటట! స్వతంత్రులమైన మనకు ఈ మాట మింగుడుపడదు. స్మిత్ తప్పును 1857లో వెదకినాడు, మునిగిన ఓడ ఊసెత్తలేదు. అదే ప్రశ్న అరొనాక్సును అడిగి ఉంటే జవాబు మరొక తీరున ఉండేది. ఆ ఉదయం తరువాత అతనికి నెమో అంటే భయం, ఏవగింపు పుట్టినవి. కొద్ది దినాలలోనే ఇద్దరు సహచరులతో చిన్న పడవ ఎక్కి, ప్రాణాలకు తెగించి నాటిలస్ విడిచిపోయినాడు.