గుండెకు నడక - నాలుకకు కట్టుబాటు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై చిల్లర సంవత్సరాలు కుర్చీలో కూర్చుని ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. ఫైళ్ళు నడిచాయి గాని మనం నడవలేదు. ఈ విషయం మన వృత్తికే తగులుతుంది కనుక నాలుగు మాటలు చెప్పే సాహసం చేస్తున్నాను.

1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఆయన సహచరులు లండన్ బస్సు ఉద్యోగులపై జరిపిన పరిశీలన ప్రకటించారు. రెండంతస్తుల బస్సులో డ్రైవరు కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజుకు 500కు పైగా మెట్లు ఎక్కుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు. అయినా గుండెపోటు కండక్టర్లలో తక్కువ, వచ్చినా తీవ్రత తక్కువ. తపాలా శాఖలోనూ అంతే. ఉత్తరాలు పంచే పోస్టుమాన్ కంటే బల్ల ముందు కూర్చున్న గుమాస్తాకే ముప్పు ఎక్కువని తేలింది. అయితే 1956లో అదే బృందం యూనిఫారం కొలతలు తిరగేస్తే, డ్రైవర్ల నడుము వయసులో ఉన్నప్పటినుంచే లావుగా కనిపించింది. కనుక కథంతా మెట్లదే అనలేము. ఒంటి బరువూ లెక్కలోకి వస్తుంది.

ఇక కొలెస్ట్రాలు. అది విషం కాదు. శరీరానికి అవసరమే. చాలా భాగం మన కాలేయమే తయారు చేస్తుంది. ఎల్.డి.ఎల్. పెరిగితే రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. నడక వల్ల ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, హెచ్.డి.ఎల్. కొంచెం పెరుగుతుంది, బి.పి., షుగరు అదుపుకు వస్తాయి. కాని ఎల్.డి.ఎల్. ఒక్క నడకతో పెద్దగా దిగదు. దానిని దించవలసింది వంటిల్లు.

ఫిన్లండులోని ఉత్తర కరేలియా ప్రాంతంలో ఒకప్పుడు మగవారు నడివయసులోనే గుండెజబ్బుతో రాలిపోయేవారు. వెన్న, చిక్కటి పాలు, ఉప్పు వారి భోజనం. 1972లో అక్కడ ఒక కార్యక్రమం మొదలైంది. గ్రామాల మహిళా సంఘాలు వంట మార్చడానికి ముందుకు వచ్చాయి. నాలుగు దశాబ్దాలలో పనిచేసే వయసు మగవారిలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అందులో పెద్ద వాటా కొలెస్ట్రాలు తగ్గడానిదే.

మన ఇళ్ళలో చేయదగినవి చెబుతాను. నెయ్యి, మీగడ, వనస్పతి, పామాయిలు తగ్గించి వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెలు వాడండి. అవీ కొద్దిగానే. "కొలెస్ట్రాలు లేని నూనె" అనే ప్రకటన చూసి మురిసిపోకండి. ఏ గింజ నూనెలోనూ కొలెస్ట్రాలు చెప్పుకోదగినంత ఉండదు. బజ్జీలు వేసిన నూనె మళ్ళీ మళ్ళీ కాచవద్దు. ఒక గరిటె అన్నం తగ్గించి ఒక గరిటె కూర పెంచండి. తెల్లన్నం, తీపి ఎక్కువైతే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. పప్పులు, శనగలు, ఉలవలు, బెండకాయ, జామపండు పీచునిస్తాయి. ఉప్పు అన్ని రూపాల్లో కలిపి రోజుకు 5 గ్రాములు మించరాదు. ఆవకాయ, అప్పడం ఆ లెక్కలోవే.

నడక వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. నడకలో ఛాతీ పట్టేసినా, ఆయాసం వచ్చినా ఆగిపోయి డాక్టరుకు చూపించుకోండి.

అసలు మాట ఇప్పుడు. మన మిత్రులలో కొందరు నడక మొదలుపెట్టగానే మాత్ర మానేస్తున్నారు. మరికొందరు మాత్ర ఉందిగదా అని గారెలు లాగిస్తున్నారు. రెండూ ప్రమాదమే. పథ్యంతో ఎల్.డి.ఎల్. సాధారణంగా పది పదిహేను శాతం తగ్గవచ్చు. స్టాటిన్ మాత్రతో మూడోవంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. స్టెంటు పడినవారు, బైపాస్ అయినవారు రిపోర్టు బాగుందని సొంతంగా మాత్ర ఆపరాదు. ఆ రిపోర్టు బాగున్నది మాత్ర వల్లనే! ఒళ్ళు నొప్పులుంటే డాక్టరుకు చెప్పండి, మోతాదు మారుస్తారు.

ఛాతీ బరువెక్కి చెమటలు పడితే గ్యాసని సోడా తాగి పడుకోవద్దు. 108కి ఫోను చేయండి. ఈ మాట ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఏటా మనం బ్రతికి ఉన్నామని ప్రభుత్వానికి ధ్రువపత్రం ఇస్తున్నాము. అదే రోజుల్లో ఒక రక్తపరీక్ష కూడా చేయించుకుంటే మరుసటి ఏటి పత్రానికి పూచీ పెరుగుతుంది.